పేజీ ఖరీదు

మా అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరిన ఏడాది నేనొక తెలివితక్కువ పని చేశాను. ఇంట్లో ఎవరూ దాన్ని తప్పు అనలేదు. అనకపోబట్టే అది నా బుర్రకెక్కడానికి చాలా కాలం పట్టింది. చదువుకునే పిల్లకి ప్రింటర్ కొంటూ, ప్రింటర్ ఖరీదు అడిగానే తప్ప పేజీ ఖరీదు అడగలేదు.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో షాపు షాపూ తిరిగి, బేరమాడి, 3,500 రూపాయలకి రంగుల ఇంక్‌జెట్ ఒకటి ఇంటికి తెచ్చాను. స్కానింగ్ ఉంది, జిరాక్స్ వస్తుంది, ఫొటోలు కూడా వస్తాయన్నారు. ఆ డబ్బుకి అన్ని వస్తుంటే ఇంకేం కావాలనుకున్నాను. అమ్మాయిని వెంట తీసుకెళ్లలేదు. ఎక్కువగా ఏం ప్రింట్ తీయాల్సి వస్తుంది, నలుపు చాలా, రంగులు కావాలా, నెలకి ఎన్ని పేజీలుంటాయి అని ఒక్క మాట అడగలేదు. కొనడంలోని సంబరం నేను పడ్డాను, వాడుకోవడంలోని కష్టం దానికి వదిలేశాను.

మిషన్‌తో వచ్చిన కార్ట్రిడ్జ్‌లు చూస్తుండగానే అయిపోయాయి. కొత్త నల్ల కార్ట్రిడ్జ్ 800 రూపాయలు. డబ్బా మీద 120 పేజీలు అని రాసి ఉంది. భాగిస్తే పేజీకి 6 రూపాయల 60 పైసల పైమాటే, కాగితం కాకుండా. కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపులో కాగితంతో సహా పేజీ 2 రూపాయలు. మిషన్ తక్కువకి ఇచ్చి సిరా మీద రాబట్టుకునే వ్యాపారం అది. దాచిపెట్టిందేమీ లేదు. కార్ట్రిడ్జ్ ధర, పేజీల సంఖ్య రెండూ అడిగితే చెబుతారు. ఆ చిన్న భాగహారం షాపులో నిలబడి చేసుకోవలసింది నేనే.

పోనీ ఆ 120 అయినా వచ్చాయా అంటే, రాలేదు. ఆ సంఖ్యకి ఐఎస్ఓ ప్రమాణాలున్నాయి. ఇంక్‌జెట్‌లకి 24711, నలుపు లేజర్లకి 19752. నిర్ణయించిన నమూనా పేజీలను వరసగా ముద్రిస్తూ కార్ట్రిడ్జ్ అయిపోయేదాకా లెక్కపెడతారు. మామూలుగా చెప్పాలంటే పేజీలో ఐదు శాతం మేర సిరా పడితే వచ్చే లెక్క అది. మా అమ్మాయి తీసేవేమో సర్క్యూట్ బొమ్మలు, గ్రాఫులు, ముదురు రంగు మీద తెల్లక్షరాలున్న క్లాసు స్లైడ్లు. అలాంటి పేజీ ఒక్కటి నాలుగు మామూలు పేజీల సిరా తాగేస్తుంది.

అప్పుడైనా లెక్క సరిచూసుకోవలసింది. నేను సిరాకి కాపలా కాశాను. ‘అవసరమైతేనే తియ్యమ్మా’, ‘డ్రాఫ్ట్‌లో పెట్టు’, ‘రంగులెందుకు?’ ప్రింటర్ చప్పుడు వినిపిస్తే చాలు, గదిలోకి తొంగి చూసేవాణ్ణి. అది ఎదురు చెప్పే పిల్ల కాదు. ముందు ఒక కాగితం మీద నాలుగు పేజీలు వచ్చేలా పెట్టుకుంది. తర్వాత తీయడమే తగ్గించింది. సిరా ఆదా అవుతోందని నేను సంతోషించాను.

సిరా ఆదా కాలేదు. ఇంక్‌జెట్‌లో సిరా వెంట్రుకకన్నా సన్నని రంధ్రాల గుండా కాగితం మీద పడుతుంది. వారాల తరబడి వాడకపోతే ఆ రంధ్రాల్లో ఎండి గడ్డకడుతుంది. మళ్లీ తీయబోతే ముందు హెడ్ క్లీనింగ్ చేయాలి. అంటే సిరాని లాగి, లోపల అడుగున ఉన్న స్పాంజిలోకి వదలడం. మేము వాడకుండా దాచిన సిరా అంతా ఆ స్పాంజిలోకే పోయింది.

క్లీనింగ్ చేసినా పేజీకి అడ్డంగా తెల్లటి గీతలు వచ్చేవి. ఒకసారి మా అమ్మాయి పాత ప్రశ్నపత్రం ప్రింట్ తీసుకుంది. ఆ తెల్లగీత సరిగ్గా ఒక సమీకరణం మీదుగా పోయింది. అక్షరాలు సగం తెగినా పోల్చుకోవచ్చు. సన్నటి అడ్డగీత పోతే ఆనవాలు కూడా ఉండదు. ఘాతం ముందు ఉండాల్సిన మైనస్ గుర్తు మాయమైంది. అది ప్లస్ అనుకుని లెక్క చేసింది. జవాబు కుదరక, తనకే అర్థం కాలేదనుకుని, చాలాసేపు కూర్చుంది. ఫోన్‌లో అసలు పీడీఎఫ్ చూస్తే గానీ సంగతి తేలలేదు. ఆ కాగితం నాకు చూపించినప్పుడు కూడా ప్రింటర్‌ని గానీ నన్ను గానీ ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత తన బల్ల మీద స్పైరల్ బైండింగ్ చేయించిన నోట్సు కనిపించింది. జిరాక్స్ షాపులో తీయించుకుంది, తన పాకెట్ మనీతో. ఇంట్లో ప్రింటర్ ఉండగా ఎందుకమ్మా అన్నాను. ‘ఇంక్ అయిపోతే నువ్వు బాధపడతావని నాన్నా’ అంది.

తన చదువు సులువు కావాలని తెచ్చిన వస్తువు వాడుకోవడానికి అది నా మొహం చూడాల్సి వచ్చింది. నా తెలివితక్కువతనం డబ్బు దగ్గర ఆగలేదు. చదువుకునే పిల్ల ఒక పేజీ తీసి, తప్పు చూసుకుని, మళ్లీ తీసుకోగలగాలి. పాఠం మీద గీతలు గీసుకుని, పాడైతే ఇంకొకటి తీసుకోగలగాలి. తీసిన ప్రతి పేజీకీ జంకితే ప్రింటర్ ఇంట్లో ఉన్నా లేనట్టే. ఖర్చు తక్కువ అన్న మాటకి విద్యార్థి దగ్గర ఉండే అసలు అర్థం అదేనని నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఇంకో ప్రింటర్ కొనేముందు, ఈసారి తనను కూర్చోబెట్టుకుని లెక్క వేశాను. ఇంక్ ట్యాంక్ ప్రింటర్లు ఒక దారి. కార్ట్రిడ్జ్ ఖర్చు భరించలేని జనం ప్రింటర్లకి బయట సీసాలు పెట్టి, పైపులు తగిలించి వాడుకునేవారు. 2010లో ఎప్సన్ కంపెనీ తానే ట్యాంకులున్న ప్రింటర్లను ముందుగా ఇండోనేషియాలో అమ్మకానికి పెట్టింది. ఇప్పుడు కానన్, హెచ్‌పీ, బ్రదర్ కూడా చేస్తున్నాయి. ఎప్సన్ 003 నల్ల సిరా సీసా 65 మిల్లీలీటర్లు, కంపెనీ లెక్క 4,500 పేజీలు. సీసా నాలుగైదు వందలైనా పేజీకి 10 పైసల చుట్టూ తేలుతుంది. 500 కాగితాల రీము 300 అనుకుంటే కాగితం 60 పైసలు. అంటే సిరాకన్నా కాగితమే ఖరీదు. అందుకని రెండువైపులా దానంతటదే తీసే సౌకర్యం ఉంటే డబ్బు నిజంగా మిగులుతుంది. రంగులు కావాలి, వారానికి ఒకసారైనా తప్పకుండా వాడతామంటే ట్యాంకే మేలు.

రెండోది నలుపు లేజర్. అందులో ఉండేది టోనర్ అనే పొడి. వేడికి కరిగి కాగితానికి అతుక్కుంటుంది. నెలల తరబడి ముట్టుకోకపోయినా ఎండిపోయే బాధ లేదు. జిరాక్స్ షాపుల్లో ఏళ్లుగా నడిచిన హెచ్‌పీ లేజర్‌జెట్ 1020కి వేసే 12ఏ కార్ట్రిడ్జ్ లెక్క 2,000 పేజీలు. ఒరిజినల్ టోనర్ ఖరీదెక్కువే గానీ, రీఫిల్ చేసేవాళ్లు మన ఊళ్లలో దొరికే మోడల్ చూసి కొంటే పేజీ పైసల్లోకి దిగుతుంది. ఒక జాగ్రత్త ఉంది. వేడెక్కేటప్పుడు కరెంటు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది కాబట్టి దాన్ని కంప్యూటర్ యూపీఎస్‌కి తగిలించకూడదు.

మూడోది, అసలు కొనకపోవడం. 12,000 పెట్టి కొన్న ప్రింటర్‌లో కాగితంతో కలిపి పేజీ ముప్పావు రూపాయి పడిందనుకుందాం. జిరాక్స్ షాపు 2 రూపాయలతో పోలిస్తే పేజీకి రూపాయి పావలా మిగులుతుంది. పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే 9,600 పేజీలు తీయాలి. నాలుగేళ్ల చదువులో రోజుకి ఆరేడు పేజీలన్నమాట. అంత అవసరం లేనివాళ్లకి, షాపు నాలుగడుగుల దూరంలో ఉన్నవాళ్లకి, పెన్‌డ్రైవ్ చాలు.

మా అమ్మాయి అన్నీ విని, రెండువైపులా తీసే నలుపు లేజర్ ఎంచుకుంది. పరీక్షల ముందు కట్టలు కట్టలుగా తీస్తుంది, సెలవుల్లో ముట్టుకోదు. రంగు పేజీలు ఎప్పుడో ఒకటి, అవి షాపులో తీయించుకుంటానంది. తన చదువు సంగతి తనకే బాగా తెలుసు. మొదటిరోజే అడిగి ఉంటే మొదటిరోజే చెప్పేది.

పిల్లల కోసం ప్రింటర్ కొనబోయే తల్లిదండ్రులకి నేను చెప్పగలిగింది ఇంతే. ముందు పిల్లల్ని అడగండి, తర్వాత షాపువాణ్ణి అడగండి. పిల్లల్ని ఎన్ని పేజీలు, ఏ రంగు, ఎన్నాళ్లకోసారి అని. షాపువాణ్ణి కార్ట్రిడ్జ్ ఎంత, ఎన్ని పేజీలు వస్తాయి అని. కొన్నాక మాత్రం, ప్రింటర్ చప్పుడైతే ఆ గదిలోకి తొంగి చూడకండి.