నేల మట్టం, బేస్‌మట్టం

ఇంటి ఎత్తు కొలిచేటప్పుడు టేపు పై కొసను స్లాబు దగ్గర పట్టుకోవడం తేలికే. కింది కొసను ఎక్కడ ఆనించాలన్నదే తగువు. 2016 నాటి జాతీయ భవన నియమావళి ప్రకారం ఇంటిని ఆనుకుని చుట్టూ ఉన్న నేల సగటు మట్టమే ఆ చోటు. అయితే సగటు నేల మీద ఇంతవరకు ఎవరూ కాలు మోపిన దాఖలా లేదు. రోడ్డు వైపు కంటే పెరటి వైపు 1.2 మీటర్లు పల్లంగా ఉన్న జాగానే చూడండి. రోడ్డు మీంచి 6.4 మీటర్లున్న ఇల్లు నియమావళి లెక్కలో 7 మీటర్లు, వెనక ఇంటాయన కంటికి 7.6. ముగ్గురిలో అబద్ధమాడేవారు లేరు.

ఆ 7కు విలువుంది. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం కింద 75 గజాల లోపు జాగాలో, 7 మీటర్ల లోపు, ఒక అంతస్తు మీద ఇంకో అంతస్తు వరకు కట్టుకునే ఇంటికి అనుమతి అక్కర్లేదు. రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మున్సిపాలిటీలకూ అంతే. కాబట్టి ఇల్లు అర మీటరు ఎక్కువైందనిపిస్తే స్లాబు తగ్గించడం కంటే చుట్టూ నాలుగు ట్రాక్టర్ల మొరం పోయించడం చవక. ఈ తెలివి పాతదే. అందుకే చాలా దేశాల నగరాలు పని మొదలుకాక ముందున్న నేలనే లెక్కలోకి తీసుకుంటాయి.

మాటల చిక్కు వేరే. నియమావళిలో బేస్‌మెంట్ నేల కింది అంతస్తు. మేస్త్రీ నోట అదే ‘బేస్‌మట్టం’ అయి నేల మీదికి లేచి పీఠమైంది. కిందిదాన్ని జనం సెల్లార్ అంటారు. పీఠం చుట్టూ నేల కంటే కనీసం 450 మిల్లీమీటర్లు, అంటే అడుగున్నర ఎత్తుండాలని నియమావళి అంటుంది. ఇంటాయన మూడడుగులకు తగ్గనంటాడు.

ఆయన భయం రోడ్డు గురించి. మేస్త్రీ సన్నని ట్యూబులో నీళ్లు నింపి, బుడగలు పోయేదాకా వేలితో తడుతూ, ఒక కొస రోడ్డు నడిమధ్యన, రెండోది గుంజకు ఆనించి, నీళ్లు నిలిచిన చోట పెన్సిల్ గీత గీస్తాడు. మేస్త్రీకి సున్నా అంటే రోడ్డే. పాత సీసీ రోడ్డు మీదే కొత్తది జానెడు మందాన పడితే ఆ సున్నా కూడా జానెడు పైకి జరుగుతుంది. రెండు మూడు రోడ్లు పడేసరికి మెట్లెక్కి వెళ్లే ఇల్లు మెట్లు దిగి వెళ్లే ఇల్లవుతుంది, మోరీ నీళ్లు గడప దాటడం నేర్చుకుంటాయి. కూల్చకుండా ఇంటి ఎత్తు తగ్గించే ఇంకో పద్ధతి ఇది.

కదలని సున్నా లేకపోలేదు. జనగామ, మహబూబాబాద్ రైల్వే స్టేషన్ల పసుపు బోర్డుల మీద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాయడం రైల్వే ఆనవాయితీ. సముద్రం మీద ఎవరూ సీసీ వేయరు. నేల మాత్రం కదులుతుంది: భూపాలపల్లిలో సింగరేణి ఓపెన్‌కాస్టు తవ్విపోసిన మట్టి గుట్టలై నిలిచింది. ‘ఉన్న నేల’ అంటే అక్కడ ఏ ఏడాది నేలో కూడా చెప్పాలి.

ఇంటి ప్లానులో మాత్రం నేల ఎప్పుడూ స్కేలు పెట్టి గీసిన ఒకే గీత. పక్కన ‘జీ.ఎల్.’, అంటే గ్రౌండ్ లెవెల్, అని ఉంటుంది. జాగా ముందు పోసిన మొరం కుప్ప అందులో కనపడదు.