నడుంనొప్పికి గాడిద కూర!

బంగారుపాళ్యం మండీలో మామిడికాయ మీద మచ్చ కనబడితే చాలు, రేటు కోసేస్తారు. కూర దగ్గర మాత్రం మనవాళ్లకు ఏ మచ్చా కనబడదు. ఆహార భద్రత నిబంధనలు తినొచ్చన్న జంతువుల్లో పెంపుడు కుందేలు సైతం ఉంది. గుర్రం, గాడిద లేవు. అయినా 2022లో బాపట్లలో పోలీసులు 400 కిలోలకు పైగా గాడిద మాంసం పట్టుకున్నారు. తింటే నడుంనొప్పి, ఉబ్బసం పోతాయట, మగతనం పెరుగుతుందట! జన్మంతా మూటలు మోసి నడుం విరిగిన జీవిలో నడుంమందు వెతికే వైద్యం మనదే. 2012, 2019 పశుగణనల మధ్య ఆంధ్రప్రదేశ్‌లో గాడిదలు సగానికి పైగా తగ్గాయి. మనుషులకూ అంటే గ్లాండర్స్ జబ్బు సోకిన గాడిదను లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. దొంగచాటుగా కోసినదానికి పరీక్ష చేసిందెవరు? ఈ కూర తింటే గుర్రంలా పరుగెత్తుతారంటారు. నిజమే కావచ్చు, ఆస్పత్రి దాకా!