గిరివేదాది సంఖ్యకు టీకా తాత్పర్యములు

మూలము:
గిరి వేద ఋతు గుణ వసు యుగ ముని జలధి శశి నేత్ర

ప్రతిపదార్థము: గిరి = కులపర్వతములు, ఏడు; వేద = నాలుగు; ఋతు = ఆరు; గుణ = సత్త్వాదులు, మూడు; వసు = ఎనిమిది; యుగ = నాలుగు; ముని = సప్తర్షులు, ఏడు; జలధి = నాలుగు (సముద్రములు ఏడనువారు కలరు; వారికి లెక్క కుదరదు); శశి = ఒకటి; నేత్ర = రెండు (శివుని మినహాయించి).

అన్వయము: భూతసంఖ్యలలో అంకెలను కుడినుండి ఎడమకు పేర్చుట మర్యాద. పేర్చగా 2,14,74,83,647.

తాత్పర్యము: రెండ్లు ముప్పదియొకటి వేసి గుణించి, వచ్చినదానినుండి ఒకటి తీసివేయగా మిగులునది ఈ సంఖ్య. ఇది అభాజ్యము. అనగా ఒకటియు తానును తప్ప దీనిని నిశ్శేషముగా భాగించునది లేదు.

విశేషము: ఇది అభాజ్యమని 1644లో మెర్సెన్ తన పట్టికలో చేర్చెను. ఆ పట్టికలోనే ముప్పదియొకటికి మారు 67, 257 రెండ్లతో చేసిన సంఖ్యలు తప్పుగా ఎక్కినవి కనుక ఆయన మాట ప్రమాణము కాదు. ప్రమాణము 1772 నాటి ఆయిలర్‌ది. 46,340 వరకు గల అభాజ్యములతో భాగించి చూచిన చాలును. అందును 62చే భాగింపగా ఒకటి మిగులువానినే చూడవలెను, తక్కినవి తమంత తామే తొలగును. అప్పటికి పీటర్స్‌బర్గులో ఆయిలర్‌కు చూపు దాదాపు పోయినది. మూలమున కడపటి పదము నేత్రమగుట ఇందుకే యని కొందఱందురు. అది వ్యాఖ్యాతల చాపల్యము.

పూర్వపక్షము: ఈ సంఖ్యను రెండు యొక్క ముప్పదవ ఘాతముతో గుణింప 19 అంకెల పరిపూర్ణసంఖ్య వచ్చును (తన్ను విడిచి తక్కిన భాజకములను కూడిన తానే యగునది, 6 వలె). ఇంతకు పెద్దది ఎవరును కనుగొనరనియు, ఇవి వట్టి వింతలే గాని ఉపయోగము లేనివనియు 1811లో పీటర్ బార్లో వ్రాసెను.

సిద్ధాంతము: మొదటి మాటను 1876లో లూకా ఇట్టిదే యగు 39 అంకెల అభాజ్యముతో కొట్టివేసెను. రెండవదానిని కంప్యూటర్లు కొట్టివేసినవి. 32 బిట్ల గదిలో ఒకటి ధన ఋణ చిహ్నమునకు పోగా, మిగిలిన 31 బిట్లలో పట్టు గరిష్ఠ సంఖ్య ఇదియే. (ఇందు అభాజ్యతకు పని లేదు. ఆ కీర్తి వేరు, ఈ కొలువు వేరు.) 2014లో గంగ్నమ్ స్టైల్ పాట వీక్షణలు దీనిని దాటునని ముందే ఎఱిగి యూట్యూబ్ 64 బిట్ల లెక్కకు మారెను.

కాలనిర్ణయము: 1970 జనవరి 1 మొదలు సెకన్లు లెక్కించు 32 బిట్ల గడియారములు ఈ సంఖ్యను చేరునది 2038 జనవరి 19, మంగళవారము, మన ఉదయము 8.44.07కు. ఆరింట సూర్యోదయమను పట్టిక ప్రకారము మంగళవారపు దుర్ముహూర్తము 8.24 మొదలు 9.12 వరకు! జనవరిలో పొద్దు ఆలస్యముగా పొడుచును గనుక అది ఇంకను మొదలే కాదని దృక్సిద్ధాంతులు పేచీ పెట్టవచ్చును, పెట్టనిండు. మరుసెకనులో సంఖ్య ఋణమై గడియారము 1901 డిసెంబరుకు పోవును. ఇంట 32 బిట్ల పాత యంత్రముండిన, పాఠకులు ఆ మంగళవారమునకు ముందే మార్చుకొనవలెను.