పిల్లికి మందు, కోళ్ళకు కోట

హిందూపురపు పట్టుగూళ్ళ విపణిలో గూళ్ళ నాణ్యమును కంటిచూపుతోనే తేల్చివేయగల మహనీయులు సైతము, తమ పిల్లికూన మేన గెంతు పేలను గాంచినంతనే, కుక్కకు వాడగా మిగిలిన పెర్మెత్రిన్ మందును దాని వీపున ధారవోయుదురు. శునకమునకు హితమగు నా యౌషధమే మార్జాలమునకు ప్రాణాంతకమనియు, పట్టుపురుగును సైతము బలిగొనుననియు, సన్నపండ్ల దువ్వెనయు, పక్కగుడ్డల యుతుకుడును, పశువైద్యుని మాటయు ముందు కావలయుననియు చెప్పిన వినువారెవ్వరు?

కూన కోలుకొనకముందే పెరటిలో కోళ్ళగూటికి పథకము! 1565 నాటి తళ్ళికోట పరాజయానంతరము విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుకొండ దుర్గమే యాదర్శము; తలుపునకు ధర్మవరపు చీర యంచు రంగులు. ముంగిస దూరు సందు మాత్రము ఎవ్వరికిని స్ఫురింపదు. పలుచని వల కోడిని లోన నిలుపునే కాని శత్రువును వెలుపల నిలుపజాలదు. అరంగుళపు కన్నుల గట్టి యినుపజాలియు, రాత్రివేళ గడియయు నావశ్యకములు.

ఇంతకును కోళ్ళ తలల నంటిపెట్టుకొను గెంతుపేలలో నొక జాతి పిల్లులను గూడ ఆశ్రయించును. కావున అయ్యలారా, మీ ప్రణాళిక దివ్యము: పేలకు రాజధాని మారునే కాని రాజ్యము పోదు!