ఆవిరికి అక్షరాభ్యాసం

మొదటిసారి వేప్ కొనబోయేవాడికి హితవు చెప్పే పెద్దలకు ఇప్పుడు లోటు లేదు. వాళ్ల శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది. పాడ్ తీసుకోవాలా, పెన్ను ఆకారంలోదా, వాడి పారేసేదా. బ్యాటరీ ఎంతసేపు నిలవాలి, కాయిల్ ఎన్ని ఓమ్‌లు ఉండాలి, ఎన్ని వాట్ల దగ్గర గొంతు మండకుండా ఉంటుంది, జేబులో ఎత్తుగా కనబడకుండా ఉండాలంటే ఏ రకం మేలు. పెళ్లిచూపుల్లో మేనమామలు కూడా ఇన్ని ఆరాలు తీయరు. అన్నీ అడుగుతారు గానీ ఒక్కటి మాత్రం అడగరు: నాయనా, నువ్విప్పుడు సిగరెట్ తాగుతున్నావా? తక్కిన సలహా అంతా ఆ జవాబు మీదే నిలబడాలి. దాన్ని వదిలేసి ఓమ్‌ల దగ్గర మొదలుపెట్టడంలోనే అసలు నేర్పరితనం ఉంది. ‘కన్యాశుల్కం’లో వెంకటేశానికి చుట్ట మప్పిన గిరీశం పురాణాన్ని సాక్ష్యానికి పిలుచుకున్నాడు. ఇప్పటి గురువులు భౌతికశాస్త్రాన్ని పిలుచుకుంటున్నారు. విద్య మాత్రం అదే.

ఈ సలహాల దుకాణానికి వచ్చేవాళ్లు రెండు రకాలు. ఒకడు ఇరవయ్యేళ్లుగా రోజుకో పెట్టె కాల్చి, మానలేక, మానాలని వచ్చినవాడు. అతనికి వేప్ పనికొస్తుందనడానికి ఆధారాలున్నాయి. నికోటిన్ పట్టీలు, చూయింగ్ గమ్‌ల కంటే నికోటిన్ ఉన్న ఈ-సిగరెట్లు, అంటే ఈ వేప్‌లే, ఎక్కువమంది చేత సిగరెట్ మాన్పిస్తున్నాయని వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సమీక్ష చెబుతోంది. ఇంగ్లండ్ ప్రభుత్వం 2023లో పది లక్షల మంది పొగతాగేవాళ్లకు వేప్ కిట్లు ఇస్తామని ప్రకటించింది. కిట్టుతో పాటు మానడానికి సలహా, ఆసరా కూడా పథకంలో భాగమే. ఇలాంటి మనిషి నికోటిన్ విద్యలో పట్టభద్రుడు. అతనికి కావలసింది బయటికి పోయే దారి: ఎంత మోతాదుతో మొదలుపెట్టాలి, ఎన్ని నెలలకు తగ్గించాలి, చివరికి పరికరాన్ని కూడా ఎప్పుడు పారేయాలి. మన హితోపదేశాల్లో ఆ చివరి అధ్యాయం ఎక్కడా కనబడదు. మొదటి పరికరం అధ్యాయం అయిపోగానే రెండో పరికరం అధ్యాయం వస్తుంది. ఇక రెండోవాడు ఎన్నడూ పొగ ముట్టనివాడు. నిజంగా ఓనమాలు దిద్దించుకోవలసినవాడు వీడొక్కడే. దేన్నీ మాన్పించనక్కర్లేని మనిషికి ఏ పరికరం మేలో నిర్ణయించడం వైద్యులకే చేతకాని పని, వ్యాపారులకు మాత్రం వచ్చు.

తాగాలా వద్దా అన్న సందేహం మొలిచిన ప్రతిసారీ, ఏది తాగాలి అన్న ప్రశ్నను ముందుకు తోయడం ఈ వ్యాపారానికి కొత్తేమీ కాదు. 1950ల మొదట్లో సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం బయటపడి అమెరికాలో జనం భయపడుతుంటే, లోరిలార్డ్ కంపెనీ 1952లో కెంట్ అనే సిగరెట్‌కు ‘మైక్రోనైట్’ ఫిల్టర్ పెట్టి ఆరోగ్యానికి రక్షణగా అమ్మింది. ఆ ఫిల్టర్లో ఉన్నది క్రోసిడొలైట్, అంటే నీలి ఆస్బెస్టాస్. 1956 దాకా రక్షణ కోరుకున్న బుద్ధిమంతులు పొగతో పాటు దాన్నీ పీల్చారు. తర్వాత ‘లైట్’ సిగరెట్లు వచ్చాయి. ఫిల్టర్ చుట్టూ కంటికి ఆనని రంధ్రాలు వేస్తే, కొలిచే యంత్రంలోకి గాలి కలిసి తారు తక్కువ చూపించింది. మనిషి యంత్రం కాదు కనుక వేళ్లతో రంధ్రాలు మూసి, గట్టిగా లాగి, తనకు కావలసిన నికోటిన్ తాను రాబట్టుకున్నాడు. ఆ సంగతి కంపెనీలకు తెలుసని 2006లో వాషింగ్టన్‌లో న్యాయమూర్తి గ్లాడిస్ కెస్లర్ తీర్పు చెప్పారు. మానేద్దామా అని ఆలోచించినవాళ్లు మానకుండా రకం మార్చుకుని ఊరుకున్నారు. అమ్మినవాడికి అంతకంటే కావలసిందేముంది?

వేప్‌లో ఇదే పని రసాయనశాస్త్రం చేసింది. పాత రకం ఈ-లిక్విడ్‌లో నికోటిన్ మోతాదు పెంచితే గొంతు మండేది, కొత్తవాడు దగ్గి పక్కన పెట్టేవాడు. మొదటి దమ్ముకు వచ్చే ఆ దగ్గు, వద్దని ఒళ్లు చెప్పే మాట. దాన్ని తయారీదారులు లోపంగా గుర్తించి, బెంజోయిక్ ఆమ్లం కలిపి సవరించారు. అదే నికోటిన్ సాల్ట్. ఘాటు పోయింది, నికోటిన్ మాత్రం నిండుగా ఉంది. కొత్తవాళ్లకు సాల్ట్ ఉన్న పాడ్ ఉత్తమం, గొంతుకు మెత్తగా ఉంటుంది అని సలహా ఇచ్చేటప్పుడు, ఆ మెత్తదనం దేన్ని నోరెత్తకుండా చేసి వచ్చిందో ఎవరూ చెప్పరు. 2015లో అమెరికాలో బజారుకెక్కిన జూల్ ఈ సూత్రం మీదే నడిచింది. పెన్‌డ్రైవ్ అంత పరికరం, 5 శాతం నికోటిన్. మిల్లీలీటరుకు లెక్కిస్తే అది దాదాపు 59 మిల్లీగ్రాములు; యూరప్‌లో చట్టం ఒప్పుకునేది 20. ఒక్క పాడ్‌లోని నికోటిన్ సుమారు ఒక సిగరెట్ పెట్టెకు సమానమని కంపెనీయే చెప్పుకుంది. ఆ దేశపు హైస్కూలు పిల్లల్లో ఈ-సిగరెట్ వాడుతున్నవాళ్లు 2017లో 11.7 శాతం, 2019కి 27.5 శాతం. వీళ్లలో ఇరవయ్యేళ్ల అలవాటు మానడానికి వచ్చినవాళ్లు ఎందరో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు. పొగాకు సిగరెట్‌ను అంతం చేస్తామని బయల్దేరిన ఈ కంపెనీలో 35 శాతం వాటాను 2018 డిసెంబరులో 1,280 కోట్ల డాలర్లు పోసి కొన్నది ఆల్ట్రియా, అంటే అమెరికాలో మార్ల్‌బరో అమ్మే సంస్థ. తన శత్రువును అంత ప్రేమగా కొనుక్కునేవాళ్లు అరుదు.

ఇక్కడ తప్పకుండా వచ్చే ఆక్షేపణ: సిగరెట్ కంటే వేప్ హాని 95 శాతం తక్కువని ఇంగ్లండ్ ప్రజారోగ్య శాఖే 2015లో చెప్పింది కదా. చెప్పింది. ఆ అంకెకు వెనక ఉన్న ఆధారం పలచనిదని లాన్సెట్ పత్రిక విమర్శించింది కూడా. ఆ తగాదా పక్కన పెట్టి అంకెను యథాతథంగా ఒప్పుకుందాం. అప్పుడు కూడా అది సిగరెట్‌తో పోల్చిన అంకె. సిగరెట్ తాగేవాడికి అది లాభమే. తాగనివాడు ఇప్పటిదాకా పీలుస్తున్నది మామూలు గాలి. దానితో పోల్చి ఎంత శాతం తక్కువో చెప్పిన సంస్థ లేదు. కాలుష్యం ఎంత ఉన్నా సరే, హైదరాబాద్ గాలి కూడా వ్యసనం చేయదు.

రెండో ఆక్షేపణకు బలం ఉంది. గుంటూరులో పొగాకు బోర్డు పెట్టి వర్జీనియా పొగాకుకు వేలం పాటలు నడిపించేది ప్రభుత్వమే. సిగరెట్లు అమ్మే ఐటీసీలో దాదాపు 15 శాతం వాటా ఎల్ఐసీది. అలాంటి సర్కారు 2019లో ఈ-సిగరెట్లను నిషేధించి, సిగరెట్‌ను మాత్రం కిళ్లీకొట్టులో వేలాడనివ్వడం న్యాయమా? కాదు. అది కపటమే. అయితే ఆ కపటం వల్ల నష్టపోతున్నాడని చెప్పే పొగరాయుడు ఎక్కడున్నాడో వెతకాలి. 2016-17 జాతీయ సర్వే ప్రకారం మన పెద్దవాళ్లలో పొగాకు వాడేవారు 28.6 శాతం; పొగలేని పొగాకు, అంటే ఖైనీ, గుట్కా వంటివి వాడేవారు 21.4 శాతం. పొగ తాగేవాళ్లలోనూ బీడీలదే పైచేయి. శ్రీకాకుళం తీరంలో నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లకు అంగిట్లో క్యాన్సర్ వస్తుందని విశాఖపట్నం వైద్యులు ఏనాడో రాశారు. ఆ ముసలమ్మకు ఏ పాడ్ నప్పుతుందో చెప్పడానికి ఈ హాని తగ్గింపు ప్రవక్తల్లో ఒక్కడూ పలాస రైలెక్కలేదు. బీడీ కార్మికుడికి పుచ్చకాయ రుచి డిస్పోజబుల్ సిఫారసు చేసినవాడూ లేడు. సలహా అంతా ఎవరి కోసమో దాని ధర, రంగు, వాసనే చెబుతాయి: చేతిలో డబ్బు ఆడుతూ, ఇంకా ఏ అలవాటూ లేని కుర్రవాడి కోసం.

మిగిలింది స్వేచ్ఛ. పద్దెనిమిది నిండినవాడు తనకు నచ్చింది ఎంచుకుంటాడు, మధ్యలో మీరెవరు? సరే, ఎంచుకోనిద్దాం. ఎంచుకోవాలంటే ముందు ఏముందో తెలియాలి. మన దేశంలో 2019 చట్టం కింద వీటిని తయారుచేయడం, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరం. అమ్మితే మొదటిసారికి ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అందుచేత ఇక్కడ దొరికే ప్రతి పరికరమూ దొంగచాటుగా వచ్చిందే. పెట్టె మీద 2 శాతం అని ఉంటే లోపల రెండే ఉందని చూసే ప్రయోగశాల లేదు, బిల్లు లేదు, బ్యాటరీ ఉబ్బితే వినియోగదారుల ఫోరానికి పోయే మొహమూ లేదు. వేప్‌లను చట్టబద్ధంగా అమ్మే బ్రిటన్‌లోనే 2023లో ఎల్ఫ్ బార్ డిస్పోజబుళ్లలో అనుమతించిన 2 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ ద్రవం ఉందని తేలితే, పెద్ద సూపర్ మార్కెట్లు వాటిని అరల్లోంచి తీసేశాయి. అక్కడ తీయించడానికి ఒకడున్నాడు. ఇక్కడ ఓమ్‌లు, వాట్లు, మోతాదులు కంఠస్థం చేసి, కళ్లు తెరుచుకుని ఎంచుకోవడానికి బయల్దేరిన విద్యార్థి చివరికి చేరేది ఏ సందులోనో ఫోన్ నంబరు మార్చి మార్చి అమ్మే మనిషి దగ్గరికి. అతను పాఠాలేమీ అడగడు. మామిడా, పుదీనానా అని అడుగుతాడు.