మడి కట్టుకున్న కారు

మా నాయనమ్మ మడి కట్టుకుంటే ఇంట్లో పిల్లలందరం గోడకు అతుక్కుని నడిచేవాళ్ళం. ఆవిడ తన బట్టను ఎవరికీ అందనంత ఎత్తున, దండెం మీద కర్రతో ఆరేసుకునేది. పొరపాటున ఎవరి వేలైనా తగిలిందా, మళ్ళీ బావి దగ్గరికే. ఆ రోజుల్లో నేను మహా ఆధునికుణ్ణి. "ఎవరు ముట్టుకున్నారో గుడ్డకేం తెలుస్తుంది?" అని వాదించి వీపు మీద ఒకటి వేయించుకున్నాను కూడా. అలాంటివాణ్ణి, 46 ఏళ్ళొచ్చాక, నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలబడి "ఆ నీలం గుడ్డ ముట్టుకోకు, అది బానెట్‌ది!" అని మా అమ్మాయి మీద కేక వేశాను. పైన నాయనమ్మ ఫక్కున నవ్వే ఉంటుంది.

దీనంతటికీ మూలం ఒక ఆదివారం పొద్దుటి ఎండ. మాది నల్ల కారు. ఆరేళ్ళ కిందట కొనేటప్పుడు మా మామగారు "నల్లదెందుకు బాబూ, శనీశ్వరుడిలా" అన్నారు. మా ఆవిడ "మంచిదేగా, దిష్టి తగలదు" అంది. ఎవరి మాట నెగ్గిందో చెప్పక్కర్లేదు. సెల్లార్ చీకట్లో ఆరేళ్ళూ అది నిగనిగలాడుతున్నట్టే కనిపించింది. ఆ ఆదివారం గేటు బయట ఆపి, పాలప్యాకెట్లతో వెనక్కి వస్తూ చూద్దును కదా, బానెట్‌లో కనిపిస్తున్న సూర్యుడి చుట్టూ ఇంత పెద్ద సాలెగూడు. వేలితో తుడిచాను. పోలేదు. చొక్కా అంచుతో గట్టిగా రుద్దాను. అప్పుడు ఇంకో నాలుగు గీతలు పడే ఉంటాయని ఇప్పుడు తెలుసు.

అవి సన్న గీతలు, వేల సంఖ్యలో. నిజానికి ఇష్టమొచ్చిన దిక్కులకు అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి కాబట్టి, దీపం ఎక్కడుంటే దాని చుట్టూ వలయాలు కట్టినట్టు కనిపిస్తాయి. వాటి పుట్టుక వెతుక్కుంటూ ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది. రోజూ తెల్లవారకముందే ఒక బకెట్టు, ఒక గుడ్డతో 22 కార్లు తుడిచే కుర్రాడు ఉన్నాడు మాకు. మొదటి కారు దుమ్ము, రెండో కారు ఇసుక, మూడో కారు సిమెంటు పోగేసుకుంటూ వచ్చేసరికి ఆ గుడ్డ ఉప్పు కాగితం అవుతుంది. మా కారు వరసలో పంతొమ్మిదోది. "రేపట్నుంచి మాది తుడవొద్దులే" అంటే జీతం పోయిందనుకుని పాపం అతని మొహం చిన్నబోయింది. చివరికి, ముట్టుకోకుండా ఉన్నందుకు నెలకు 500 ఇచ్చేట్టు ఒప్పందం కుదిరింది. ఇరవై రెండేళ్ళ నౌకరీలో నాకెవరూ ఇవ్వని ఆఫర్ అది.

కార్లకు మెరుగు పెట్టే చోటికి ఒకసారి తీసుకెళ్ళాను. నల్ల గ్లవ్స్ వేసుకున్న అబ్బాయి చేతిదీపం పట్టుకుని, యాంజియోగ్రామ్ చూపించే గుండె డాక్టరులా "ఇక్కడ చూశారా సార్... ఇక్కడ..." అంటూ కారంతా తిప్పాడు. పాలిషింగు, పైన సిరామిక్ కోటింగు, మొత్తం 28,000 అన్నాడు. "ఇంట్లోవాళ్ళతో మాట్లాడి చెబుతాను" అన్నాను. మధ్యతరగతివాడు ఆ మాటంటే ఇక రాడని అతనికీ తెలుసు. మూడు రాత్రులు వీడియోలు చూసి, నాలుగో రోజు సరంజామా మొత్తం ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. 9,400 అయింది. మా ఆవిడకు 4,000 అని చెప్పాను. ఈ వ్యాసం ఆవిడ చదవదనే ధైర్యంతో అసలు అంకె రాస్తున్నాను.

మా నాన్నకు ఇవేవీ తెలియవు. ప్రతి ఆదివారం తన చేతక్ స్కూటర్‌ను పాత బనీనుతో తుడిచేవారు. బనీను చిరిగి మరీ పోగులైపోతే కొత్తది వచ్చేది, అంటే ఇంకో పాత బనీను. ఎప్పుడైనా మనసు బాగుంటే మైనం డబ్బా తీసేవారు. అదే కాస్త శాస్త్రోక్తంగా కావాలంటే బ్రెజిల్‌లో కర్నౌబా అనే తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనం ఉంటుంది. ఎండ కాసే ఊళ్ళో అది నిలిచేది కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు. సిరామిక్ పూత ఏళ్ళ తరబడి ఉంటుందని చెబుతారు. అందులో ముఖ్యమైన సరుకు సిలికా. అంటే మన ఇసుకకు చుట్టమే. 30 మిల్లీలీటర్ల సీసా, పంటినొప్పి మందంత ఉంటుంది.

సీసా మీద '9హెచ్' అని బంగారు అక్షరాలు. వజ్రం కాఠిన్యం పది కదా, ఇది తొమ్మిదన్నమాట, ఇక సుత్తితో కొట్టినా ఫరవాలేదనుకున్నాను. తరవాత తెలిసింది, ఆ లెక్క వజ్రాలది కాదు, పెన్సిళ్ళది. రకరకాల గట్టిదనం ఉన్న పెన్సిళ్ళతో పూతను గీకి చూస్తారు. 9హెచ్ పెన్సిలుకు కూడా లొంగకపోతే ఆ బిరుదు ఇస్తారు. ఈ సంగతి భోజనాల దగ్గర చెప్పడం నా తప్పు. మా అమ్మాయి తినడం ఆపి, కంపాస్ బాక్సు తెచ్చుకుని కిందికి బయల్దేరింది.

ఇంకో జ్ఞానం నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. పాలిష్ పెడితే గీతలు పూడిపోతాయని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదు. రంగు మీద పారదర్శకంగా ఉండే క్లియర్‌కోటును, ఆ గీత అడుగు అందేదాకా చుట్టూరా అరగదీస్తారు. గుంటలు పడిన రోడ్డును, గుంటలు పూడ్చకుండా రోడ్డంతా గుంట లోతుకు చెక్కి సరిచేసినట్టు. ఆ క్లియర్‌కోటు మందం ఎంతయ్యా అంటే చాలా కార్లకు 40, 50 మైక్రాన్లు. మామూలు తలవెంట్రుక 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. ఉన్న వెంట్రుకలే ఒక్కొక్కటిగా సెలవు తీసుకుంటున్న వయసులో, వెంట్రుక కన్నా పల్చటి దాన్ని మిషనుతో అరగదీయడానికి పూనుకున్నాను.

వినాయక చవితి అయిన మరుసటి శనివారం ముహూర్తం. ఎండలో చేయకూడదు, షాంపూ, కోటింగు రేకు మీదే ఎండిపోతాయి కనక సెల్లారే యాగశాల. మొదట స్నానం. దానికి రెండు బకెట్లు, ఒకటి సబ్బు నీళ్ళకు, ఒకటి గుడ్డ జాడించడానికి. జాడించకుండా సబ్బు నీళ్ళలో ముంచితే ఎంగిలి కలిసినట్టే. మాది బోరు నీరు. బట్టల మీద, గీజరులో, నా జుట్టులో ఏం చేస్తుందో అందరికీ తెలుసు. నల్ల కారు మీద ఆరితే సున్నపు చుక్కలు తేలతాయి. అందుకని చివరి జల్లు కోసం వంటింట్లో ఫిల్టరు కింద రెండు బిందెలు పెట్టాను. మా ఆవిడ చూసి, "నయం, మరగకాచి చల్లార్చి పోయమనలేదు" అంది.

తరవాత ఇనుప రజను తీసే మందు. బ్రేకుల నుంచి రాలే సన్నటి పొడి చక్రాల మీద, రంగు మీద కూరుకుపోయి ఉంటుంది. మందు చల్లగానే దానితో కలిసి ఊదా ఎరుపులో ధారలు కడుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి "సార్, బండికి నెత్తురు కారుతున్నది!" అన్నాడు. రెండో అంతస్తువాళ్ళు డ్రైనేజీ పొంగిందని ప్లంబరుకు ఫోన్ చేశారు. ఆ ప్లంబరు వచ్చి, చూసి, 200 తీసుకుని వెళ్ళాడు. అవి నేనే ఇచ్చాను.

అప్పుడు మట్టి. 'క్లే బార్' అంటారు, పిల్లలు ఆడుకునే రంగు మట్టి లాంటిది. చేతికి పాలిథిన్ సంచీ తొడుక్కుని కారు మీద రాస్తే, అద్దంలా ఉందనుకున్న చోట కూడా రవ్వ తగులుతుంది. ఆ రవ్వను ఈ మట్టి లాగేస్తుంది. మట్టి కింద పడితే మాత్రం పారేయాలి, కడిగితే పోయే మైల కాదు. నా 100 గ్రాముల మట్టిలో సగం రెండు రోజుల ముందే మాయమైంది. చవితి పూజలో మా అమ్మాయి చేసిన నీలం రంగు ఎలుక ఎంత ముద్దుగా ఉందోనని నేనే ఫోటో తీసి అందరికీ పంపాను. అది ఏ మట్టో తెలిసేసరికి ఎలుక నిమజ్జనమైపోయింది.

మిషను సంగతి క్లుప్తంగా చెబుతాను, పరువు విషయం. స్పాంజి బిళ్ళను కారుకు ఆనించాకే మీట నొక్కాలి. నేను ముందు నొక్కాను. మూత పెట్టకుండా మిక్సీ తిప్పితే కొబ్బరి చట్నీ ఎక్కడెక్కడికి పోతుందో తెలిసినవాళ్ళకు మిగతాది చెప్పక్కర్లేదు. స్తంభం మీది చుక్కలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కణ్ణుంచి బుద్ధిగా, అంచుల దగ్గర రంగు మరీ పల్చనంటారు కనక అక్కడ టేపు అంటించి, అడుగులో అడుగు వేస్తూ ఆరు గంటలు పట్టాను. సాయంత్రం కాఫీ గ్లాసు పట్టుకుంటే చేతిలో అదే తాళం తప్పకుండా వణికింది. రాత్రి టార్చి పట్టుకుని గీతలు వెతుకుతుంటే వాచ్‌మన్ మళ్ళీ వచ్చాడు. "ఏం దేవులాడుతున్నరు సార్? మేడమ్‌ది కమ్మ పడిపోయిందా?" అని తనూ వంగి కాసేపు వెతికాడు. గీతలు లేవు. నిజంగా లేవు. ఆ నలుపులో నా మొహం, నెరిసిన గడ్డంతో సహా, అక్కర్లేనంత స్పష్టంగా కనిపించింది.

ఆదివారం ప్రాణప్రతిష్ఠ. పాలిష్ తాలూకు జిడ్డు పోవడానికి కారంతా ముందు ఆల్కహాలుతో తుడవాలి. "కారుకు ఇంజెక్షనా నాన్నా?" అంది మా అమ్మాయి. పూతకు మెత్తటి గుడ్డ చుట్టిన చిన్న దిమ్మె ఉంటుంది. దాని మీద నాలుగు చుక్కలు వేసుకుని రెండడుగుల చదరంలో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి రాయాలి. నిమిషమో రెండు నిమిషాలో ఆగితే, వాన నీళ్ళలో పెట్రోలు పడినట్టు ఇంద్రధనుస్సు తేలుతుంది. వెంటనే తుడిచేయాలి. ఆలస్యమైతే అక్కడే గట్టిపడి మచ్చ కడుతుంది. బెల్లంపాకంలా, ముదిరితే ఇక ఉలి తేవాలి.

తలుపులు, డిక్కీ, టాపు చక్కగా వచ్చాయి. బానెట్ మీద ఆఖరి చదరం రాశాను. ఫోను మోగింది. అమ్మ.

అమ్మ ఫోను ఎత్తకపోతే మూడోసారికి మా ఆవిడకు, నాలుగోసారికి పక్క ఫ్లాటువాళ్ళకు వెళుతుంది. ఎత్తాను. దసరాకు వస్తోంది, తెనాలి నుంచి టికెట్టు దొరికింది, కిటికీ పక్కన కాదు. గోంగూర పచ్చడి తెస్తోంది. ఎదురింటి వాళ్ళ పిల్లకు సంబంధం కుదిరింది, పిల్లవాడు పొట్టి. "ఏం చేస్తున్నావురా, ఆయాసపడుతున్నావు?" అంది. పదకొండు నిమిషాలు. వెనక్కి తిరిగేసరికి, బానెట్‌కు కుడిపక్కన అరచేయంత మేర జిగురు ఎండినట్టు మసక మచ్చ. తుడిచాను, రుద్దాను, మొక్కుకున్నాను. చివరికి మళ్ళీ మిషను పెట్టి పాలిష్‌తో లేపేయాల్సి వచ్చింది. మచ్చ పోయింది, దానితోపాటు పూతా పోయింది. మళ్ళీ రాద్దామంటే సీసాలో చుక్క లేదు. ఉత్సాహంలో చక్రాలకు కూడా పట్టించేశాను. ఆ అరచేయంత చోటు మడి లేకుండా మిగిలిపోయింది. చూస్తే తెలియదు. నాకు తెలుసు.

ఆపైన నా బతుకు మారింది. పూత బాగా గట్టిపడేదాకా మొదటి రోజు నీటి చుక్క తగలకూడదు, వారం దాకా సబ్బు తగలకూడదు. పావురాలు మాత్రం ఇవేవీ చదువుకోలేదు. పూత వేసినా రెట్టను వెంటనే తీయకపోతే మరక తినేస్తుందట. రాళ్ళు తగిలితే సొట్టలు పడతాయట. దుమ్ము గుడ్డతో తుడిస్తే గీతలూ పడతాయట. మరి ఇదేం కాపాడుతుందని మా ఆవిడ న్యాయంగానే అడిగింది. కారును పూత కాపాడుతుందని మొదలుపెట్టినవాణ్ణి, పూతను నేను కాపాడుతూ మూడు రాత్రులు సెల్లార్‌లో కుర్చీ వేసుకు కూర్చున్నాను. రోజూ బానెట్ మీద పడుకునే పిల్లి నాలుగో రోజు అలవాటుగా ఎగిరి, సర్రున జారి, నావైపు చూసిన చూపు మరిచిపోలేను.

నీళ్ళు చల్లితే మాత్రం ఆహా అనాలి. తామరాకు మీద బొట్లలా గుండ్రంగా నిలిచి, వాలున్న వైపుకు ముత్యాల్లా పరిగెడతాయి. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ కాఫీకి ముందు అది చూపించాను. కొందరు కాఫీ తాగకుండానే వెళ్ళారు.

దసరాకు అమ్మ వచ్చింది. బాల్కనీలో ఎత్తుగా కట్టిన తీగ మీద వేరువేరుగా ఆరుతున్న పన్నెండు గుడ్డలు, పక్కన కర్ర చూసి, బ్యాగు ఇంకా కింద పెట్టకుండానే "ఎవరురా ఇంట్లో మడి కట్టుకుంటున్నది?" అంది. మా ఆవిడ నావైపు వేలు చూపించింది. అమ్మ చాలాసేపు నవ్వింది. పాతికేళ్ళు మా నాయనమ్మ మడికి నీళ్ళు తోడిన మనిషి.

ఆయుధపూజ నాడు పొద్దున్నే స్నానం చేసి, గిన్నెలో పసుపు కలుపుకుని కిందికి దిగింది. వెనకాల మా ఆవిడ నిమ్మకాయలు, కుంకుమ. అమ్మ వేళ్ళు ముంచి బానెట్ నడిమధ్య పసుపు రాసింది. పసుపు చిన్న చిన్న గోళీలై, దొర్లుకుంటూ వెళ్ళి కింద పడింది. మళ్ళీ రాసింది. మళ్ళీ దొర్లింది. "ఇదేంట్రా, పసుపు నిలవనంటోంది?" అంది. నేను గర్వంగా సిలికా గురించి మొదలుపెట్టాను. "అమ్మవారి పసుపు నిలవని బండిని ఇంట్లో పెట్టుకుంటావుట్రా!" అంది. వాచ్‌మన్ చెప్పులు విప్పి రెండడుగులు వెనక్కి వేశాడు.

అమ్మ పట్టు వదల్లేదు. ఎడమవైపు ప్రయత్నించింది, అంచున ప్రయత్నించింది. చివరికి చేయి కుడిపక్కకు వెళ్ళింది. పసుపు పరుచుకుని, అలాగే నిలిచిపోయింది. మూడు బొట్లూ ఆ అరచేయంత చోట్లోనే ఒకదాన్నొకటి ఆనుకుని సర్దేసింది. కాస్త దూరం జరిగి, తల వంచి చూసుకుని తృప్తిగా అంది:

"ఇదొక్క చోటేరా నువ్వు సరిగ్గా పాలిష్ పట్టింది."