ముందు మీ బీపీ చెప్పండి సారూ!

మా రోజుల్ల నాయకులకు రోగాలు వచ్చేటివి కావు. వస్తే గిస్తే ‘స్వల్ప అస్వస్థత’ వచ్చేది. పేపర్ల ఆ రెండు మాటలు పడ్డయంటే బాల్కొండ చాయ్ హోటల్ల కూసున్నోళ్లందరికీ మతలబు సమజయ్యేది: పెద్దమనిషి మంచం పట్టిండు, కుర్చీ కిందికి ఎవడో చెయ్యి పెట్టిండు. ఇప్పుడు అట్ల కాదు. ఆపరేషన్ బల్ల దిగకముందే డాక్టర్ల బులెటిన్ మన ఫోన్లకు వస్తది. డిశ్చార్జి అయినంక నాయకుడే వీడియోల కూసోని ‘మీరు కూడా ఏటా పరీక్షలు చేయించుకోండి’ అంటడు. మంచి మాటే. కాని ముసలోణ్ని కదా, మంచి మాటనైనా సణగకుండ మింగను.

నాయకులు అట్ల రోగం దాచుడు ఉత్తగనే రాలే. 1984 యాది తెచ్చుకోండి. పసుపు చేన్లల్ల కలుపు తీసే దినాలు. ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు అమెరికాల గుండె ఆపరేషన్ చేయించుకొని ఆగస్టు 14న హైదరాబాద్ల దిగిండు. 15న జెండా పండుగ. 16న గవర్నర్ రాంలాల్ ఆయన సర్కారును బర్తరఫ్ చేసి, ఆయన మంత్రివర్గంలనే ఆర్థిక మంత్రిగ ఉన్న నాదెండ్ల భాస్కరరావుతోని ప్రమాణం చేయించిండు. కుట్లు ఆరని మనిషి చక్రాల కుర్చీల కూసోని, ఎమ్మెల్యేలను ఎంటబెట్టుకొని రాష్ట్రపతి జైల్ సింగ్ కాడికి పోవాల్సి వచ్చె. ఎమ్మెల్యేలు చెయ్యి జారకుండ కర్ణాటకల నంది కొండల మీద పెట్టి కాపాడుకున్నరు. రాష్ట్రమంతా బంద్‌లు, ఊరేగింపులు. గవర్నర్ మారిండు, శంకర్ దయాళ్ శర్మ వచ్చిండు. సెప్టెంబర్ 16న రామారావు మళ్ల ముఖ్యమంత్రి అయిండు. పండుకొని కోలుకోవాల్సిన నెలంతా కొట్లాటలనే పాయె.

జనం దాన్ని ప్రజాస్వామ్యం గెలిచిన కథగ యాదుంచుకున్నరు. నాయకులు మాత్రం అండ్ల ఇంకో పాఠం సదువుకున్నరని నా అనుమానం: దవాఖాన మెట్లెక్కితే కుర్చీ మెట్లు దిగినట్టే.

మేం గూడ తక్కువ తినలే. పసుపంటే తొమ్మిది నెలల పంట. వానకాలం మొదట్ల పెడితే సంక్రాంతి దాటినంక తవ్వుడు, ఉడకబెట్టుడు, ఆరబెట్టుడు, పాలిష్ పట్టుడు, కాడి, గోళ వేరుజేసి నిజామాబాద్ యార్డుకు తోలుడు. అండ్ల సెలవు ఏ దినం? కడాయి కింద మంట పెట్టినంక తల తిరుగుతుందని ఎవడన్న పక్కకు పోతడా? తల తిరిగితే పైత్యం, నిమ్మకాయ పిండుకొని తాగుడే. చెయ్యి తిమ్మిరెక్కితే వాతం. ఛాతీల పట్టేస్తే గ్యాసు. బీపీ 140/90 దాటినా ఒంట్లె ఏ గుర్తూ కనపడకపోవచ్చని, అది కనపడేదాక ఆగితే ఆలస్యమైతదని మాకు చెప్పినోడు లేడు. చెప్పినా వినేటోళ్లం కాదు. మా ఈడోళ్లల్ల ‘నిద్రలనే పోయిండు, పుణ్యాత్ముడు’ అనిపించుకున్నోళ్లు శానామంది. బీపీ చూసి మందులిస్తే ఇంకో పదేండ్లు ఉండేటోడేమో అని ఒక్కరూ అనలే.

ఇప్పుడు సర్కారే అడుగుతది. 30 ఏండ్లు దాటినోళ్లకు బీపీ, షుగర్, నోటి క్యాన్సర్ చూస్తరు. ఆడోళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు సుత ఉన్నయి. 2018 పంద్రాగస్టుకు మెదక్ జిల్లా మల్కాపూర్ల మొదలువెట్టిన ‘కంటి వెలుగు’ ఊరూరికీ వచ్చి ముసలోళ్లకు అద్దాలిచ్చింది. దాన్ని నేను తిట్ట. ఆ అద్దాలు పెట్టుకొనే ఇది రాస్తున్న.

నా సణుగుడంతా మొన్న పసుపు తవ్వకాలప్పుడు పెట్టిన క్యాంపు మీద. ఓ నాయకుడు వచ్చిండు. ‘ఆరోగ్యమే మహాభాగ్యం’ అన్నడు, ఫొటోలు దిగిండు, చొక్కా చెయ్యి మడవకుండనే కారెక్కిండు. అటెన్క మా దోస్తు వంతు. షుగర్ చూసే ఏఎన్ఎం ఆయన వేలు పట్టుకొని స్పిరిట్ దూదితోని తుడిస్తే దూది పచ్చగైంది. ఇంకోటి తీసింది. అదీ పచ్చనే.

“తాతా, చేతులు కడుక్కొని రారాదే?”

“కడిగితె పోయే పచ్చయితే మాకు పసుపు బోర్డెందుకు బిడ్డా!”

అందరు నవ్విన్రు. అంకె చూసినంక ఆమె నవ్వలే. “రేపు పరిగడుపున దవాఖానకు రా తాతా, మళ్ల చూడాలె.”

“రేపా? రేపు ఉడకబెట్టే మిషన్ వస్తది. పసుపు అమ్మినంక చూద్దాం.”

పాపం, ఆమె మాత్రం ఏం చేస్తది? చిట్టీ రాసి చేతుల పెట్టింది.

ఈ కాలపు నాయకులల్ల మెచ్చుకునేది లేదని కాదు. 2023 డిసెంబర్ల ఎన్నికలు ఓడిన కొన్ని దినాలకే కేసీఆర్ ఎర్రవెల్లి ఫాంహౌస్ల పడి తుంటి ఆపరేషన్ చేయించుకున్నడు. దవాఖాన మంచం మీదికెళ్లే, ‘నన్ను చూడనీకి రాకండి, మిగతా రోగులకు ఇబ్బంది’ అని వీడియోల చెప్పిండు. ఫిబ్రవరి 1న కర్ర పట్టుకొని వచ్చి ఎమ్మెల్యేగ ప్రమాణం చేసిండు. మా రోజుల్లనైతే పరామర్శకు పోనోడు పార్టీ మారినట్టే లెక్క! ఇంగ్లండ్ రాజు చార్లెస్ 2024 జనవరిల తన ప్రోస్టేట్ చికిత్స సంగతి బయటపెట్టిండు, మగోళ్లు సిగ్గుపడకుండ చూపించుకోవాలని. నెల తిరగకముందే క్యాన్సర్ అని తేలితే అదీ చెప్పి, బయటి కార్యక్రమాలు బందు పెట్టిండు. ఆయనకేంది, కుర్చీ ఎవడూ గుంజుకోడు అంటరా? నేననేది గదే. ఎన్క నుంచి ఎవడూ గుంజుకోడన్న ధీమా ఉన్నోడే సెలవు పెడతడు. రామారావుకు అది లేకపాయె. మిషన్ కాడ తన జాగల నిలబడే మనిషి లేని మా దోస్తుకూ లేదు.

అందుకే క్యాంపులు పెట్టే పెద్దమనుషులకు మూడు మాటలు. తవ్వకాలప్పుడు ఊళ్లె క్యాంపు పెట్టకండి, పంట అమ్మినంక పెట్టండి. లేకుంటే యార్డుకే రండి. కుప్ప పోసి ధర కోసం ఎదురుచూస్తూ రైతు ఉత్తగ కూసునేది అక్కడనే. ఆఖరుది, ఫ్లెక్సీ మీద దండం పెట్టే ఫొటో చాలించి, మీ బీపీ ఎంత, షుగర్ ఎంత, కిందటిసారి ఎప్పుడు చూపించుకున్నరో పెద్దక్షరాల రాయించండి. మీ అంకె మా అంకె కంటే ఎక్కువుంటే ఓటు గూడ వేస్తం, పాపమని.